బి.ఇ.2సి: పరిశీలకుణ్ణి ముందు సీట్లో ఎందుకు కూర్చోబెట్టారు?

గాలందారం:
మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ విమానం బి.ఇ.2సి మోడల్‌ను 1/48 స్కేల్‌లో కడుతున్నాను. రెక్కల మధ్య తీగలకు సన్నటి గాలం దారం వాడుతున్నా. ముందు సీటు చుట్టూ నాలుగు కట్టేసరికే ట్వీజర్ దూరడం లేదు. పాపం, పైలట్‌తో పాటు వెళ్లి కింద ఏముందో చూసే పరిశీలకుడు అక్కడ కూర్చుని తుపాకీ ఎటు తిప్పుతాడండీ?

పాతఇంజను:
డక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఈ విమానం చూసినప్పుడు నాకూ అదే అనిపించింది. తలపైన రెక్క, ఎదురుగా ప్రొపెల్లర్, వెనక పైలట్, చుట్టూ కమ్మీలు, తీగలు. కారణం బరువే. ముందు సీటు గరిమనాభి దగ్గర ఉంటుంది కాబట్టి అది ఖాళీగా ఉన్నా బ్యాలెన్స్ చెడదు. 90 హార్స్‌పవర్ ఇంజనుతో బాంబులు మోయాలంటే చాలాసార్లు పరిశీలకుణ్ణి దించేయాల్సి వచ్చేది. మొదటి బి.ఇ.2 ఎగిరింది 1912లో. అప్పట్లో పైనుంచి చూసి రావడమే పని, గాల్లో పోరాటం లెక్కలో లేదు.

బాల్సాచెక్క:
నేను రిమోట్ విమానాలు ఎగరేస్తాను. రెక్కల చివరలు కాస్త పైకి లేచి ఉన్న ట్రైనర్ ఒకటుంది. గాలికి ఒరిగినా, స్టిక్ వదిలేస్తే తనే సర్దుకుంటుంది. ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన కర్మాగారంలో ఇంజనీరు ఎడ్వర్డ్ బస్క్ బి.ఇ.2సికి తెచ్చిన గుణం ఇదే. మ్యాపు చూసుకోవడానికి, ఫొటో తీయడానికి అంతకన్నా ఏం కావాలి! 1914 నవంబరులో గాల్లోనే విమానానికి నిప్పంటుకుని ఆయన చనిపోయారు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పాతఇంజను:
ఆ గుణమే తర్వాత ప్రాణాల మీదికి తెచ్చింది. 1915లో ప్రొపెల్లర్ మధ్యలోంచి కాల్చే జర్మన్ యుద్ధవిమానం ఫోకర్ వచ్చింది. దాన్ని తప్పించుకోవాలంటే చటుక్కున మళ్లాలి, ఇదేమో మొండిగా తిన్నగా పోతానంటుంది. తప్పు బస్క్‌ది కాదని నా గట్టి నమ్మకం. కాలం చెల్లాక కూడా దీన్నే పంపుతూ పోయిన వాళ్లది.

చీకటిచుక్క:
రాత్రిపూట మాత్రం ఆ నిలకడే వరం. 1916 సెప్టెంబరు 3 తెల్లవారకముందు బ్రిటిష్ పైలట్ లీఫ్ రాబిన్సన్ బి.ఇ.2సిలో ఒంటరిగా వెళ్లి, లండన్ దగ్గర కఫ్లీలో జర్మన్ ఎయిర్‌షిప్ ఎస్.ఎల్.11ను కూల్చారు. రెండు డ్రమ్ముల తూటాలు కాల్చినా దానికి ఏమీ కాలేదు, మూడోదానికి అంటుకుంది. రాబిన్సన్‌కు బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు.

గాలందారం:
అయితే రాబిన్సన్ విమానమే కడతాను. ముందు సీట్లో బొమ్మ అక్కర్లేదు.

పాతఇంజను:
మంచిది. ఎప్పుడైనా ఇద్దరున్న విమానం కడితే మాత్రం దారాలకు ముందే బొమ్మను అతికించేయండి. తర్వాత వేలు కూడా దూరదు.