ఓటమిని తట్టుకోలేని పదిహేనేళ్ల అమ్మాయితో కలిసి చేయదగిన, గెలుపోటములు లేని పనులేమున్నాయి?

ఏలూరు నాన్న:

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి 15 ఏళ్లు, పదో తరగతి చదువుతోంది, అబ్బాయికి 11. మొన్న దసరా సెలవుల్లో నలుగురం క్యారమ్స్ ఆడుతుండగా అమ్మాయి రెడ్ వేసింది గానీ దానికి ఫాలో పడలేదు. రెడ్ తిరిగి బోర్డు మధ్యకు వచ్చింది; తరువాత తమ్ముడు దాన్ని వేసి, ఫాలో కూడా వేసుకున్నాడు. అంతే, స్ట్రైకరు గోడకు తగిలింది, కాయలు సోఫా కిందికి దొర్లాయి, ఆమె గది తలుపు రెండు గంటలపాటు తెరుచుకోలేదు. ఇది ఒక్కనాటి సంగతి కాదు. అష్టాచెమ్మాలో కాయ చచ్చినా, మేడ మీద షటిల్ ఆటలో వరుసగా నాలుగు పాయింట్లు పోయినా ఇదే వరస. చిన్నప్పుడు వైకుంఠపాళిలో పెద్దపాము మింగితే ఏడ్చేది, అప్పుడు మేమందరం ముద్దుగా నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

నేను కావాలని ఓడిపోయి కూడా చూశాను. వెంటనే కనిపెట్టింది, ఆ కోపం ఓడినప్పటి కోపానికి రెట్టింపు. మా ఇంట్లో కలిసి కూర్చోవడమంటే ఏదో ఒకటి ఆడడమే కాబట్టి, ఆటలు మానేసిన నాటి నుంచి భోజనాల వేళ తప్ప మాటలే లేకుండా పోయాయి. గెలుపోటముల ప్రసక్తి లేకుండా, అలాగని తనను చిన్నపిల్లను చేసి ఆడిస్తున్నామని ఆమెకు అనిపించకుండా, కలిసి చేయగల పనులేమైనా ఉంటే చెప్పండి. ఆమెకు ఖాళీ దొరికేది ఆదివారం మాత్రమే.

గుంటూరు మిరప:

మా పెద్దవాడిది కూడా ఇదే స్వభావం. మాకు దారి చూపింది ఆవకాయ. మే నెలలో ఒక ఆదివారం కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, కత్తిపీట ముందు వాడిని కూర్చోబెట్టాను. టెంకతో సహా ముక్క తెగాలంటే బలం కావాలి కనుక, అది పిల్లల పని అని వాడు అనుకోలేదు. ఆవపిండి, కారం, ఉప్పు పాళ్లు మా అత్తగారు నోటితో చెబుతుంటే వాడు కాగితం మీద రాసుకున్నాడు. ఈ పనిలోని మేలేమిటంటే, బాగా కుదిరిందో లేదో ఆ రోజు ఎవరికీ తెలియదు. మూడో రోజు జాడీ తీసి తిరగకలిపి, ఉప్పు చూసినప్పుడు గానీ తీర్పు రాదు, అది కూడా మనిషి మీద కాదు, పచ్చడి మీద. చేతులు పనిలో ఉండి, చూపులు ముక్కల మీద ఉన్నప్పుడు పిల్లలు మాట్లాడినంతగా ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే మాట్లాడరు. ఒక్క జాగ్రత్త: "తమ్ముడి కంటే బాగా కోశావు" అని పొరపాటున కూడా అనకండి, అక్కడే పోటీ మళ్లీ మొదలవుతుంది. (మా వాడు అన్నాడు కదా అని ముక్కల లెక్క కూడా పెట్టాం, అదీ తప్పేనని తరువాత తెలిసింది.)

నిజాంపేట నివాసి:

ఆటలు పూర్తిగా మానలేని ఇల్లయితే, ఆడేవారందరూ ఒకే పక్షాన ఉండే బోర్డు ఆటలు ఉన్నాయి. మా ఇంట్లో ఆడేది పాండెమిక్. మాట్ లీకాక్ రూపొందించగా 2008లో వచ్చింది. ప్రపంచ పటం మీద నాలుగు వ్యాధులు వ్యాపిస్తుంటాయి; ఒకరు వైద్యుడు, ఒకరు శాస్త్రవేత్త, ఇలా తలా ఒక పాత్రతో ఆ నాలుగింటికీ మందు కనిపెట్టాలి. గెలవడానికి దారి అదొక్కటే, ఓడిపోవడానికి మాత్రం మూడు దారులున్నాయి కనుక మొదటి కొన్నాళ్లు మేము తరచుగా ఓడిపోయాం. అయినా కోపగించుకోవడానికి ఎదుట మనిషి లేడు. "మనం ఓడిపోయాం" అని మా అబ్బాయి నోట ఆ 'మనం' మొదటిసారి విన్నది ఆ బోర్డు దగ్గరే.

అయితే ఇందులో ఒక చిక్కుంది. గెలవాలనే తపన ఎక్కువగా ఉన్న పిల్లలు ఇలాంటి ఆటల్లో అందరి ఎత్తులూ తామే వేయాలని చూస్తారు, మిగిలినవారు బొమ్మల్లా కూర్చోవలసి వస్తుంది. వంతు ఎవరిదో నిర్ణయం వారిదే, అడిగితేనే సలహా ఇవ్వాలి అని ముందే ఒప్పందం చేసుకోండి. ఈ ఒప్పందం లేకుండా మాత్రం మొదలుపెట్టకండి.

బొమ్మలకొలువు:

వెయ్యి ముక్కల జిగ్‌సా పజిల్ తెచ్చి భోజనాల బల్ల మీద ఒక పక్కన పరిచి ఉంచండి. ఎవరూ ఎవరినీ పిలవనక్కరలేదు. అటుగా వెళ్తూ రెండు ముక్కలు పెట్టి పోవచ్చు. చివరి ముక్క ఎవరు పెట్టాలన్నది మాత్రం ముందే తేల్చుకోండి, అనుభవంతో చెబుతున్నాను.

విశ్రాంత లెక్కల మాస్టారు:

ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడిగా కొంచెం భిన్నంగా మాట్లాడుతున్నాను, నొచ్చుకోకండి. పదో తరగతి పిల్ల అంటున్నారు. వారం వారం పరీక్ష, దాని మీద ర్యాంకు, ఆ ర్యాంకు నోటీసు బోర్డు మీద, తండ్రి ఫోన్లో కూడా. ఆరు రోజులు వరుసలో తన స్థానమెక్కడో చూసుకుని వచ్చిన పిల్లకు ఏడో రోజు క్యారమ్ బోర్డు కూడా మరొక ర్యాంకు పట్టికలాగే కనబడుతుంది. నా ఉద్దేశంలో ఆమె విసిరింది స్ట్రైకరును కాదు.

మరొక సంగతి. ఇంట్లో ఆమెను "తెలివైన పిల్ల" అని పొగుడుతుంటారా? క్లాడియా ముల్లర్, క్యారల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలను 1998లో ప్రచురించారు. మొదటి పజిళ్లు చేసినప్పుడు తెలివిని పొగిడించుకున్న పిల్లలు, తరువాత ఇచ్చిన కష్టమైన పజిళ్లలో దెబ్బతినగానే, శ్రమను పొగిడించుకున్న పిల్లల కంటే త్వరగా ఆసక్తి కోల్పోయారు. తెలివే తన ఆస్తి అని నమ్మిన పిల్లకు ప్రతి ఓటమీ ఆ ఆస్తికి గండి పడినట్టే ఉంటుంది కదా. పోటీ లేని పనులు తప్పకుండా వెతకండి, కానీ పోటీని ఇంటి నుంచి శాశ్వతంగా వెలివేయకండి. ఇంకొక ప్రశ్న: ఆమె ఓడిపోయినప్పుడు ఇంట్లో నవ్వేది ఎవరు?

కొల్లేటి గట్టు:

ఏలూరులో ఉంటూ ఇంత దూరం ఆలోచిస్తున్నారేమిటండీ? కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రం మీకు పక్కనే. చలికాలంలో చెరువు మధ్య అటవీ శాఖవారు నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకుని పిల్లలను పెంచుతుంటాయి. ఎర్రకాళ్ల కొంగలు కూడా కనబడతాయి. పొద్దున్నే వెళ్లి గట్టు మీద కూర్చుంటే, తల్లి పక్షి నోరు తెరవగానే పిల్ల తన తలను దాని ముక్కు కింది సంచీలోకి దూర్చి మేత తీసుకోవడం చూస్తూ ఎంతసేపైనా గడపవచ్చు.

పక్షులను చూడడం టీనేజీ పిల్లలకు ఎందుకు నప్పుతుందో నాకు తోచిన కారణం చెబుతాను. ఇందులో పిల్లలు పెద్దల కంటే నిజంగానే ముందుంటారు, అలా నటించవలసిన అవసరం మనకు ఉండదు. వారి కన్ను చురుకు, చెవి ఇంకా చురుకు. మా అమ్మాయికి వినిపించే సన్నని కూతలు కొన్ని నాకు వినిపించనే వినిపించవు. అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధనశాల ఉచితంగా ఇచ్చే మెర్లిన్ యాప్‌ను ఫోన్లో తెరిచి పట్టుకుంటే, కూతను బట్టి అది ఏ పక్షో సూచిస్తుంది. అది సరైనదా కాదా అని తండ్రీకూతుళ్లు వాదించుకోవచ్చు, ఆ వాదనలో ఓడినా ఎవరికీ బాధ లేదు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా జరిగే పెరటి పక్షుల లెక్కింపులో పాల్గొనడానికి కనీసం 15 నిమిషాలు పక్షులను లెక్కించి నమోదు చేస్తే చాలు, మేడ మీద నుంచైనా సరే.

ఒక హెచ్చరిక చేయకపోతే మోసం చేసినవాడినవుతాను. ఈ లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటైన ఈబర్డ్‌లో ఎవరెన్ని జాతులు చూశారో చెప్పే పట్టిక కూడా ఉంది. మన తెలుగువాళ్లం ర్యాంకు ఎక్కడున్నా పసిగడతాం! మేము ఆ పుట జోలికి పోకుండా, ఒకే నోటు పుస్తకంలో ఇద్దరం కలిపి రాసుకుంటాం. అందులో ఎవరు ముందు చూశారన్న గడి లేదు.

ఏలూరు నాన్న:

అందరికీ ధన్యవాదాలు. మాస్టారి ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పాలి. నవ్వేది నేనే. "అప్పుడే కళ్లనిండా నీళ్లా తల్లీ" అని ప్రతిసారీ అంటాను, అది ముద్దుగా అంటున్నాననే ఇన్నాళ్లూ అనుకున్నాను. ర్యాంకు వచ్చిన రోజు కూడా మొదటి మాటగా "మొదటి ర్యాంకు ఎవరికి?" అనే అడుగుతున్నానని మా ఆవిడ గుర్తుచేసింది. ఈ రెండూ మానడం పక్షుల కంటే కష్టమైన పనిలా ఉంది.

వచ్చే ఆదివారం ఆటపాక వెళ్దామా అని నిన్న రాత్రి అమ్మాయిని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, తమ్ముడు కూడా వస్తాడా అని అడిగింది. ఈసారికి మనిద్దరమే అన్నాను. "పొద్దున ఐదింటికే నన్ను లేపకూడదు" అని షరతు పెట్టింది. ఆరింటికి ఒప్పందం కుదిరింది. నోటు పుస్తకం తన దగ్గరే ఉంటుందట, నా చేతిరాత బాగుండదట.