'రెడ్‌లైనింగ్'ని తెలుగులో ఏమందాం?

అందరికీ నమస్కారం. అమెరికాలో నల్లజాతివాళ్లకు ఇంటి అప్పులు దక్కనివ్వని చరిత్ర మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. 'రెడ్‌లైనింగ్' దగ్గర రెండు రోజులుగా బండి ఆగిపోయింది. 'ఎర్రగీత విధానం' అని రాస్తే, చదివిన మా అక్క "ఎవరు ఏ గీత దాటారే?" అంది. ఇంకో మాట చెబుతారా?

జవాబు:
మీ అక్కగారు సరిగ్గా పట్టుకున్నారమ్మా. గీత అనగానే మనకు లక్ష్మణరేఖే గుర్తొస్తుంది. తప్పు దాటినవాళ్లది. ఇక్కడ ఎవరూ ఏదీ దాటలేదు. వాళ్ల ఇళ్లలో వాళ్లుండగానే, ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాళ్లు మ్యాప్ మీద ఆ పేటకు ఎరుపు పూశారు.

ఇళ్ల అప్పులు కట్టలేక జనం రోడ్డున పడుతుంటే వాళ్లను ఆదుకోవడానికి 1933లో అక్కడి ప్రభుత్వం హెచ్‌ఓఎల్‌సీ (హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్) అనే సంస్థను పెట్టింది. అది 200కు పైగా నగరాలకు మ్యాపులు వేయించింది. మేలైన పేటలకు ఆకుపచ్చ, తర్వాత నీలం, పసుపు, అట్టడుగున ఎరుపు. ఎరుపంటే అక్కడ అప్పివ్వడం 'ప్రమాదకరం' అని. నల్లవాళ్లున్న పేట దాదాపు ఎప్పుడూ ఎరుపే. నాకైతే మ్యాపుల కంటే ఒక్కో పేటకూ నింపిన ఫారం చూస్తే ఒళ్లు మండింది. ఆదాయమెంత, విదేశాల్లో పుట్టినవాళ్లెందరు, నీగ్రోలున్నారా అన్న గడుల పక్కనే 'ఇన్‌ఫిల్ట్రేషన్' అని ఇంకో గడి! చొరబాటు. పక్క వీధిలో ఇల్లు తీసుకున్న కుటుంబానికి సరిహద్దు దాటిన శత్రువు మాట. మీ వ్యాసంలో అది తగిలితే 'రాక' అని మెత్తబరచకండి.

1934లో వచ్చిన ఎఫ్‌హెచ్‌ఏ అనే ఇంకో ప్రభుత్వ సంస్థ, బ్యాంకులిచ్చే ఇంటి అప్పులకు హామీ ఇచ్చేది. డెట్రాయిట్‌లో తెల్లవాళ్ల కోసం కాలనీ వేస్తున్న ఒక బిల్డర్‌కు, పక్కనే నల్లవాళ్ల పేట ఉందని ఆ హామీ దొరకలేదు. 1941లో మధ్యన ఆరడుగుల ఎత్తున, అర మైలు పొడవున గోడ కట్టించాడు. హామీ వచ్చేసింది! ఆ గోడ ఇంకా ఉంది.

'రెడ్‌లైనింగ్' అన్న మాట మాత్రం 1960ల చివర్లో షికాగోలో పుట్టింది. సామాజికవేత్త జాన్ మెక్‌నైట్ పేరు చెబుతారు. 1968లో అమెరికాలో వచ్చిన ఫెయిర్ హౌసింగ్ చట్టం ఈ వివక్షను నిషేధించింది.

నా ఓటు 'గిరి గీయడం'కి. అప్పు తీర్చనివాడి చుట్టూ గిరి గీస్తే తీర్చేదాకా కదలకూడదన్న కట్టుబాటు మన దక్షిణాదిలో ఉండేదని, రాజంతటివాడే ఆ గిరిలో నిలబడ్డాడని మార్కో పోలో రాశాడు. అది తీసుకున్న అప్పుకు గీసిన గిరి. ఇది అసలు అప్పే పుట్టకుండా గీసిన గిరి.

ఇంకొకరు:
మాస్టారూ, గిరి బాగుంది గానీ మనం 'గిరి గీసుకుని కూర్చున్నాడు' అంటాం. ఎవరికి వారు గీసుకున్నట్టు వినబడదూ? 'వెలి' వాడకూడదా, 'రుణవెలి' అని? నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో చేసి రిటైరయ్యాను. కొన్ని పేటలను 'నెగటివ్ ఏరియా' అనేవాళ్లం. అప్లికేషన్ మీద అడ్రస్ చూడగానే ఫైలు పక్కకు వెళ్లేది. మనిషి జీతం స్లిప్ దాకా చూపు పోయేదే కాదు. ఆ లిస్టు నేనూ వాడాను.

జవాబు:
'గీసుకుని' దగ్గర మీరన్నది నిజమే సార్. 'గిరి గీశారు' అని గీసినవాళ్లను వాక్యంలోకి తెస్తే ఆ ఇబ్బంది పోతుంది. 'వెలి' బలమైన మాట, కానీ వినగానే మన ఊరి కులం కళ్లముందుకొస్తుంది, వాళ్ల కథ వెనక్కి పోతుంది. నాకు అదొక్కటే జంకు.

అడిగినవారు:
ఇద్దరికీ థాంక్సండీ. మొదటిసారి 'రెడ్‌లైనింగ్' అనే ఉంచి, వెంటనే "అప్పు పుట్టకుండా పేట చుట్టూ గిరి గీశారు" అని రాస్తాను. మరి మార్ట్‌గేజ్‌ని 'తనఖా' అనొచ్చా?

జవాబు:
పత్రాల సంగతైతే తనఖా సరే. ఇదే మాట హిందీలో జీతం అవుతుంది, మన దగ్గరికొచ్చేసరికి ఇల్లు కుదువ పెట్టించింది! మామూలు వాక్యాల్లో మాత్రం 'ఇంటి అప్పు' చాలమ్మా.