అప్‌డేట్: పదవీ విరమణ డబ్బు, ప్రయాణాలు

పదవీ విరమణలో వచ్చిన మొత్తాన్ని ఎక్కడ ఉంచాలి, మోకాళ్ల నొప్పులున్న నా భార్యతో కాశీయాత్ర ఎలా చేయాలి అని ఆమధ్య అడిగాను. సలహా ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

కడప పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో చేరాను. 8.2 శాతం వడ్డీ ఏప్రిల్, జూలై, అక్టోబర్, జనవరి నెలల మొదట్లో ఖాతాలో పడుతుంది కనుక, ప్రయాణాల ఖర్చును దానికే ముడిపెట్టుకున్నాం. పథకం పరిమితి 30 లక్షలు ఉన్నా, ఏడాదిలోపు మూసేస్తే వడ్డీ దక్కదు కాబట్టి ఆసుపత్రి అవసరాలకు కొంత సొమ్ము విడిగా బ్యాంకులో ఉంచాను.

రైలు టికెట్ల విషయంలో మీరు చెప్పిన కిటుకు బాగా పనికొచ్చింది. సీనియర్ సిటిజన్ కోటాలో కింది బెర్తు ఒక టికెట్టుపై ఇద్దరికి మించి వర్తించదు కనుక, అబ్బాయి కుటుంబాన్ని వేరే టికెట్టులో పెట్టి మా ఇద్దరికీ విడిగా తీశాను; రెండూ కింది బెర్తులే వచ్చాయి.

దానికి ముందు గండికోట చూసి వచ్చాం. జామా మసీదు దాటాక పెన్నా లోయ అంచుకు బండరాళ్ల మీదుగా నడవాలి. ఆవిడ మసీదు దగ్గరే నీడన కూర్చుంది. మా కడప ఎండల సంగతి తెలిసిందే, మార్చి దాటితే పెద్దవాళ్లు అటు వెళ్లకపోవడమే మేలు. కాశీకి జనవరి వడ్డీ పడ్డాక బయలుదేరుతున్నాం.