ఇనుప త్సుబాకు ఎర్ర తుప్పు: నల్ల పొర పోకుండా తీసేదెలా?

ప్రశ్న: జపాన్ కత్తికి పిడి దగ్గర ఉండే ఇనుప బిళ్ళ, త్సుబా. అంచు మీదా, కత్తి దూరే రంధ్రం చుట్టూ ఎర్ర తుప్పు పట్టింది. మధ్యలో పొదిగిన పువ్వులు నల్లగా, కాస్త నీలి మెరుపుతో ఉన్నాయి. చింతపండు గానీ ఇనుప పీచు గానీ వాడొచ్చా?

జవాబు: రెండూ వద్దండీ. పులుపు తుప్పుతో పాటు కింద ఉన్న నల్ల పొరనీ తినేస్తుంది. పాత త్సుబాకు విలువ తెచ్చేది ఆ పొరే. పీచు గీతలు పెడుతుంది.

ఎముక ముక్కను ఉలిలా చెక్కుకోండి. ఎముక ఎర్ర తుప్పును రాల్చగలదు, ఇనుముకు గీత పడనివ్వదు. జపాన్‌లో జింక కొమ్ము వాడతారు. మన దేశంలో వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని కొనకూడదు, గేదె ఎముక చాలు. తుప్పు మచ్చ మీద ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేసి, ఒక రాత్రి ఉంచి, ఎముకతో ఒత్తి రుద్దండి. గోధుమరంగు పొడి వస్తుంది. నూలుగుడ్డతో తుడిచి మళ్ళీ మొదలు. వారాలు పడుతుంది, తొందరపడితే చెడేది వస్తువే. పని అయ్యాక నూనె పూర్తిగా తుడిచేయండి, మిగిలితే దుమ్ము పట్టి చెమ్మను పట్టి ఉంచుతుంది. కొబ్బరినూనె వద్దు, మక్కిపోయి ఆమ్లం పుడుతుంది.

ప్రశ్న: మరి పువ్వులు?

మరో జవాబు: వాటిని ముట్టుకోకండి. నీలి మెరుపు ఉందంటే షకుదో కావచ్చు: రాగిలో కొద్ది శాతం బంగారం కలిపిన మిశ్రమం. రాగి లవణాల ద్రావణంలో ఉడికించి ఆ నలుపు తెస్తారు. పొర చాలా పలుచన, మెరుగు పెడితే ఎర్ర రాగి బయటపడుతుంది. తిరిగి నలుపు తేవడం నిపుణుల పని. తుప్పు పువ్వు అంచుదాకా వస్తే అక్కడ సన్న వెదురుపుల్ల వాడండి.

రంధ్రంలో రాగి ముక్కలు బిగించి ఉంటే పీకకండి. కత్తికి సరిపోయేలా వేసినవి అవి, వాడకానికి ఆనవాళ్ళు. రంధ్రం పక్కన సంతకం ఉంటే అక్కడ ఎముక కూడా పెట్టొద్దు, అక్షరాల అంచులు అరిగిపోతాయి.

జవాబు: ముందు ఇది పోతపోసిన నకలేమో చూడండి. చెక్కిన సందుల లోపలి గోడ మీద సన్నటి అతుకు గీత కనిపిస్తే అనుమానించాలి. చేప గుడ్లలాంటి నానకో చుక్కలుంటే భూతద్దం పెట్టండి: ఒక్కొక్కటీ గుంటమొన ఉలితో కొట్టినవైతే గుండ్రంగా, విడివిడిగా నిలుస్తాయి, పోతలో మొద్దుబారి ఉంటాయి. విశాఖ లాంటి తీరప్రాంతంలోనైతే సిలికా జెల్ పొట్లంతో మూత గట్టి డబ్బాలో దాచండి, వట్టి చేతులతో పట్టుకోవద్దు, చెమటలోని ఉప్పు మళ్ళీ తుప్పు తెస్తుంది. రంధ్రం చుట్టూ దగ్గరగా తీసిన ఫోటో పెడితే రాగి ముక్కల సంగతి చూసి చెబుతాం.