కెగ్‌లోకి నింపిన కొంబుచా (పులియబెట్టిన చాయ్) పదో రోజుకే వెనిగర్ అయితుంది, తప్పు యాడ జరుగుతుంది?

మిర్యాలగూడ_చాయ్:
నింపే పద్ధతి మొత్తం చెప్తా, యాడ తప్పుందో చూడండ్రి. 25 లీటర్ల స్టీలు డబ్బా, అడుగున నల్లా. 28 డిగ్రీల దగ్గర ఏడు రోజులు పులిసినంక పీహెచ్ 3.2కు వస్తది, అప్పుడు 19 లీటర్ల బాల్‌లాక్ కెగ్‌లోకి (గ్యాస్‌కొకటి, ద్రవానికొకటి పోస్టులున్న, ప్రెషర్ పట్టే స్టీలు పీపా) మారుస్తా. కెగ్ మూత తీసి ఒక నిమిషం సీఓటూ వదులుతా (గాలి కంటే బరువు కదా, అడుగున పరుచుకుంటదని). పైనుంచి గొట్టం వేలాడదీసి నల్లా తిప్పుతా. నిండినంక మూత బిగించి 10 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) గ్యాస్ పట్టి వదులుడు, ఇట్ల ఐదుసార్లు. తర్వాత ఫ్రిజ్‌లో 4 డిగ్రీలు. మొదటి వారం మంచిగుంటది, పదో రోజుకు మూత తీస్తే ముక్కు పగులుతుంది. ఇంకో రెండు తిప్పలు: నల్ల పోస్టు (నల్లరంగు కనెక్టర్ తగిలేది, ద్రవం పోయే మూతి) ఊకె జామ్ అయితుంది, స్టార్ శాన్ (కెగ్ శుద్ధి చేసే శానిటైజర్) కలిపిన బోరు నీళ్ళు పాలలెక్క తెల్లగైతున్నయ్.

పాలమూరు_పులుపు:
సీఓటూ బరువే గానీ నీళ్ళలెక్క అడుగున పరుచుకుని కూర్చోదు. వాయువులు కలిసిపోతయ్. మూత తెరిచిన కెగ్‌లోకి గ్యాస్ వదిలితే లోపలి గాలిని చిలికినట్టే. పైనుంచి గొట్టం వేలాడదీస్తే ధార చిల్లి ఇంకింత గాలి కలుపుకుంటది. కొంబుచాలో ఈస్టు ఆల్కహాల్ చేస్తది, దాన్ని ఎసిటిక్ బ్యాక్టీరియా వెనిగర్ చేస్తది. ఆ రెండో పనికి ఆక్సిజన్ కావాలి. నువ్వు దానికి కెగ్‌లోకి సద్ది కట్టి పంపుతున్నవ్.

ఐదుసార్లు పట్టి వదిలిన లెక్క చూడు. బయటి గాలి 14.7 పీఎస్‌ఐ. 10 పట్టి వదిలితే ప్రతిసారి 14.7 బై 24.7, అంటే 60 శాతం గాలి మిగుల్తది. ఐదు సార్లకు ఆక్సిజన్ 21 నుంచి 1.6 శాతానికి వస్తది, అంతే. 30 పీఎస్‌ఐతోని అదే ఐదుసార్లు చేస్తే 0.08. కానీ ఖాళీ కెగ్‌ను అట్ల కడిగితే 350 గ్రాముల దాకా గ్యాస్ తింటది, పైగా నింపేటప్పుడు ద్రవంలో కరిగిన గాలి ఎట్లనూ పోదు.

బీరు కాచేటోళ్ళు చేసేది ఇంకో తీరు, చవక కూడా. కెగ్‌ను శానిటైజర్ నీళ్ళతో అంచు పొర్లేదాక నింపి మూత పెట్టు. గ్యాస్ పోస్టు (బూడిదరంగు కనెక్టర్) నుంచి 3–5 పీఎస్‌ఐ ఇచ్చి, నల్ల పోస్టు నుంచి నీళ్ళన్నీ ఇంకో బకెట్ల తోలెయ్యి. నీళ్ళు పోయిన జాగల ఒట్టి సీఓటూ నిలుస్తది. 50 గ్రాములు కూడా పట్టదు, ఆ నీళ్ళు రెండో కెగ్‌కు పనికొస్తయ్.

ఇప్పుడు డబ్బా నల్లా నుంచి నల్ల కనెక్టర్‌కు గొట్టం. నల్ల పోస్టు లోపలి గొట్టం అడుగుదాక ఉంటది కాబట్టి కెగ్ కింది నుంచి, చిల్లకుండ నిండుతది. కనెక్టర్ తగిలించే ముందు దాని లోపలి పిన్నును చెంచా కాడతో నొక్కి ఒక గ్లాసు కొంబుచా పారబొయ్యి, గొట్టంల గాలి పోవాలె.

అందరూ మరిచేది ఇది: తగిలించే ముందు కెగ్‌ల మిగిలిన ప్రెషర్ తీసెయ్యాలి. మీటరు ఎత్తు ద్రవానికి తోసే బలం 1.4 పీఎస్‌ఐనే. డబ్బా అరమీటరు ఎత్తుల పెట్టి, కెగ్‌ల 5 పీఎస్‌ఐ ఉంచి కనెక్టర్ తగిలిస్తే కెగ్ గ్యాస్ ఎనక్కి తన్ని డబ్బాల బుడబుడమంటది, అడుగున పేరుకున్న మడ్డంతా లేస్తది. గ్యాస్ పోస్టుకు ఉత్త కనెక్టర్, దానికో గొట్టం, ఆ కొస శానిటైజర్ గ్లాసుల ముంచు. బుడగలు ఆగినంక నల్లా తిప్పు.

దేవరకొండ_బోరునీళ్ళు:
పోస్టు జామ్ అయ్యేది స్కోబీ (కొంబుచాను పులియబెట్టే తెట్టు) పోగులతో, ఈస్టు ముద్దలతో. మార్చే ముందు డబ్బాను ఒక దినం 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టు, మడ్డి కూర్చుంటది. స్కోబీని, తర్వాతి బ్యాచ్‌కు కావలసిన కొంబుచాను మాత్రం ముందే తీసి పక్కన పెట్టుకో. నల్లా నోరు డబ్బా లోపల అడుగుకు మూడు నాలుగు సెంటీమీటర్లు పైన ఉండాలె, దానికి స్టీలు జాలి తొడుగు. పోస్టు విప్పి పాపెట్ (లోపలి స్ప్రింగు వాల్వు) తీసి నింపే అలవాటుంటే మానుకో, ఖాళీ చేసిన కెగ్‌లకు మళ్ళీ గాలిని పిలిచినట్టైతది. నల్లా ఇత్తడిదైతే ఇయ్యాల్నే మార్చు, పీహెచ్ 3కు ఇత్తడి ఆగదు.

శానిటైజర్ తెల్లగైతున్నది నీళ్ళ కాఠిన్యంతోని. స్టార్ శాన్ ఆమ్లం, పీహెచ్ 3 కంటే కింద ఉంటేనే పనిచేస్తది. మన దిక్కు బోరు నీళ్ళు ఆ ఆమ్లాన్ని మింగుతయ్. లీటరుకు 1.6 మిల్లీలీటర్లు, ఆర్‌ఓ క్యాన్ నీళ్ళల్ల కలుపు. పీహెచ్ కాయితంతో చూసుకుంటూ అదే ద్రావణం వారాలకొద్దీ వాడుకోవచ్చు. చాయ్ కాచుడు కూడా ఆర్‌ఓ నీళ్ళతోనే మంచిది, నల్లగొండ బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే కదా, చాయ్‌పత్తల కూడా ఎంతో కొంత ఉంటది.

మిర్యాలగూడ_చాయ్:
మూత తెరవకపోతే నిండిందని ఎట్ల తెలుస్తది? ఇంకోటి, 3 పీఎస్‌ఐకి నా కెగ్ మూత దగ్గర గ్యాస్ కారుతుంది.

పాలమూరు_పులుపు:
కెగ్‌ను కాటా మీద పెట్టి నింపు. సున్నా చేసుకుని 18 కిలోలు రాంగనే ఆపు, లీటరు జాగ పైన ఉండాలె. గ్లాసులకు కొంబుచా వచ్చిందంటే దాటిపోయినట్టే.

మూత కారుడు మామూలే. ఆ పెద్ద రబ్బరు రింగుకు తినే వస్తువులకు వాడే సిలికాన్ గ్రీజు పూసి, ఒకసారి 30 పీఎస్‌ఐ ఇస్తే కూర్చుంటది. తర్వాత ప్రెషర్ దించుకో. సబ్బు నురగ పెట్టి చూడు. పోస్టులకు, వాటి లోపలి గొట్టాలకు కలిపి నాలుగు చిన్న రింగులు కూడా ఉన్నయ్, వాటిని ఎవరూ చూడరు.

జడ్చర్ల_చల్లదనం:
పై ఇద్దరూ గాలి మీదనే పడ్డరు. గాలి లేకున్నా ఈస్టు ఆగదు అన్నది కూడా యాదికుంచుకోవాలె. కెగ్ ఒక పూట బయట ఉందంటే, మన ఏప్రిల్ ఎండలకు మిగిలిన చక్కెర ఆల్కహాల్ అయితది. తెల్లారి కల్లుకు, మాపటి కల్లుకు ఉన్నంత తేడా. ఆల్కహాల్ 0.5 శాతం దాటితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల లెక్కల అది మద్యం, అమ్మేటోళ్ళు జాగ్రత్త.

గ్యాస్ పట్టియ్యడం కూడా చల్లగున్నప్పుడే. 4 డిగ్రీల దగ్గర 12 పీఎస్‌ఐ పెట్టి ఆరు రోజులు ఆగితే చాలు, అదే 30 డిగ్రీలకైతే 40 దరిదాపు కావాలి. సిలిండర్ వెల్డింగ్ షాపుది కాకుండ తినే వస్తువులకు ఇచ్చేది తెచ్చుకో, నిలబెట్టే ఉంచు, పండబెడితే రెగ్యులేటర్లకు ద్రవం వస్తది. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవమే ఉండదు, ప్రెషర్ దబదబ పెరుగుతది. అందుకే రేకుల షెడ్డుల పెట్టొద్దు. ఎంత మిగిలిందో గేజీ చూసి తెలుసుకోలేవు, తూకమే వెయ్యాలి.