గోరంట్లలో కొత్త ఫ్లాటు: బిల్డరు రాసిచ్చిన పన్నుల లెక్క సరైనదేనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. గుంటూరు గోరంట్లలో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటులో ఒక ఫ్లాటును 62 లక్షలకు బేరం కుదుర్చుకున్నాము. సంక్రాంతికి ముందు 2 లక్షలు బ్యాంకు ద్వారా అడ్వాన్సు ఇచ్చాము. అప్పటికి లిఫ్టు గుంతలో ఇంకా ఇసుక బస్తాలే ఉన్నాయి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయి నివాసానికి తగినదని అధికారులు ఇచ్చే పత్రం) ఉగాది వెళ్లిన తరువాత వచ్చింది. మిగిలిన 60 లక్షలు శ్రావణంలో రిజిస్ట్రేషన్ నాడు ఇవ్వాలి. బిల్డరు గారి ఆఫీసులో ఒక తెల్ల కాగితం మీద ఇలా రాసిచ్చారు: ధర 62,00,000, జీఎస్టీ 3,10,000, రిజిస్ట్రేషన్ 4,65,000, టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) 62,000, మొత్తం 70,37,000 రూపాయలు.

పూర్తయిన ఇంటికి జీఎస్టీ ఉండదని విన్నాము. ఒకవేళ ఉన్నా, స్థలం వాటా తీసివేసి మిగిలిన దాని మీదనే కట్టాలి కదా? పైగా ఈ ఫ్లాటుకు ప్రభుత్వ విలువ 48 లక్షలే వస్తున్నప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చును 62 లక్షల మీద ఎందుకు లెక్కించారు? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1

నేను గుంటూరులో దస్తావేజులు రాసే పనిలో ఉన్నాను కనుక రిజిస్ట్రేషన్ సంగతి వరకు చెబుతాను. మన రాష్ట్రంలో విక్రయ దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, వెరసి 7.5 శాతం. దస్తావేజులో రాసిన ధర, ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదనే ఈ లెక్క కడతారు. (మా ఆఫీసు భాషలో మార్కెట్ విలువ అంటే ప్రభుత్వ పుస్తకంలోని ధర, బజారులో పలికే ధర కాదు. కొత్తగా వచ్చేవారు తరచుగా ఇక్కడే తికమకపడతారు.) మీ విషయంలో 62 లక్షలే ఎక్కువ కాబట్టి 3,10,000, 93,000, 62,000 కలిపి 4,65,000 అవుతుంది. ఆ అంకె సరైనదే. దస్తావేజు రాత ఖర్చులు, యూజర్ ఛార్జీలు దీనికి అదనం.

జవాబు 2

విజయవాడలో అకౌంట్లు చూసుకునే వృత్తిలో ఉన్నాను. పూర్తయిన ఇంటికి జీఎస్టీ లేదన్న మాట నిజమే గాని, దానికి ఒక షరతు ఉంది: మొత్తం సొమ్ము కంప్లీషన్ సర్టిఫికెట్ (మీ విషయంలో ఆ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చిన తరువాత గాని, మొదటి నివాసం మొదలైన తరువాత గాని, వీటిలో ఏది ముందైతే దాని తరువాతనే బిల్డరుకు ముట్టి ఉండాలి. మీరు సంక్రాంతికి ముందు ఇచ్చిన ఆ 2 లక్షల వల్ల ఈ షరతు తప్పింది. అందువల్ల పన్ను ఆ 2 లక్షల మీద మాత్రమే కాక మొత్తం 62 లక్షల మీద పడుతుంది. వినడానికి అన్యాయంగానే ఉంటుంది గాని చట్టం అలాగే ఉంది.

స్థలం వాటా విషయంలో మీ అనుమానం సమంజసమైనదే, అయితే బిల్డరు వేసిన 3,10,000 అంటే 62 లక్షల మీద 5 శాతం, ఆ తగ్గింపు ఈ 5 శాతంలో ముందే కలిసి ఉంది. అసలు రేటు 7.5 శాతం, ధరలో మూడో వంతును స్థలం కింద మినహాయించి, మిగిలిన 41,33,333 రూపాయల మీద ఆ రేటు వేస్తే 3,10,000 వస్తుంది. ఇక 1 శాతం జీఎస్టీ రేటు గుంటూరు వంటి ఊళ్లలో 90 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే నేల వైశాల్యం), 45 లక్షల ధర మించని ఇళ్లకే కాబట్టి అది మీకు వర్తించదు.

కాగితంలోని తప్పు టీడీఎస్ దగ్గర ఉంది. ఆస్తి ధర 50 లక్షలు, లేదా అంతకు మించి ఉన్నప్పుడు కొనేవారు 1 శాతం పట్టుకొని ప్రభుత్వానికి జమ చేయాలి; అది అమ్మేవారి పన్నుకు ముందస్తు జమే గాని మీ మీద అదనపు భారం కాదు. ఆ 62,000 మీరు బిల్డరుకు ఇచ్చే 62 లక్షలలోనుంచే తగ్గాలి. సరైన మొత్తం 69,75,000.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ లెక్క చూపించగా బిల్డరు గారు ఇంకో మార్గం చెప్పారు: దస్తావేజులో 48 లక్షలే రాసి, తక్కిన 14 లక్షలు నగదుగా ఇస్తే టీడీఎస్ గొడవే ఉండదట, 1,75,000 రూపాయలు మిగులుతాయట. ఇందులో నష్టం ఏమైనా ఉందా?

జవాబు 3

ఉద్యోగ విరమణ చేసి ఇటీవలే ఇల్లు అమ్మినవాడిగా చెబుతున్నాను. 14 లక్షల మీద రిజిస్ట్రేషన్ 7.5, జీఎస్టీ 5 కలిపితే 12.5 శాతం, ఆయన చెప్పిన 1,75,000 అదే. రెండేళ్లు దాటాక ఇల్లు అమ్మితే లాభం మీద కట్టవలసిన పన్ను కూడా 12.5 శాతమే. కొన్న ధర 48 లక్షలని కాగితంలో ఉంటే ఆ 14 లక్షలు రేపు మీ లాభంగా కనబడతాయి, వాటి మీద అదే 1,75,000, దానిపైన సెస్సు (పన్ను మీద వేసే అదనపు పన్ను) కూడా మీరే కట్టాలి. బిల్డరుకు మాత్రం 14 లక్షల ఆదాయం లెక్కల్లోకి రాకుండా పోతుంది. ఆస్తి బేరంలో 20,000 లేదా అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంత జరిమానా కూడా ఉంది. మీకు బ్యాంకు రుణం అవసరమైతే 48 లక్షల దస్తావేజు మీద దొరికేది కూడా తగ్గుతుంది. నేనైతే ఒప్పుకోను.

జవాబు 2 (మళ్లీ)

పై మాటతో ఏకీభవిస్తున్నాను. మరొక సంగతి మరచిపోకండి: సంక్రాంతినాటి 2 లక్షల మీద కూడా 2,000 పట్టుకొని, ఆ నెల ముగిసిన 30 రోజుల్లోగా జమ చేయవలసి ఉండింది. ఆలస్య రుసుము రోజుకు 200 చొప్పున పడుతుంది గాని పన్ను మొత్తాన్ని మించదు కాబట్టి అది 2,000 దగ్గర ఆగుతుంది. దీనికి వడ్డీ వేరు. ఫ్లాటు మీ దంపతులిద్దరి పేరున ఉంటే ఎవరి వాటాకు వారు వేరుగా జమ చేయాలి. మీరు పాత ఆదాయపు పన్ను విధానంలో ఉన్నట్లయితే స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చును 1,50,000 పరిమితిలో మినహాయింపుగా చూపుకోవచ్చు.

రిజిస్ట్రేషన్ నాడు ధర కింద మీరు రాయవలసిన చెక్కు 60,00,000 కాదు. ఆ 60 లక్షల మీద 60,000, అడ్వాన్సు తాలూకు 2,000 తీసివేస్తే 59,38,000. జీఎస్టీ 3,10,000 విడిగా, బిల్డరు పన్ను ఇన్వాయిస్ చేతికిచ్చిన తరువాతనే చెల్లించండి.