అప్‌డేట్: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో లియాన్ ఫూర్వియేర్ కొండ

మెట్లెక్కలేని అమ్మకి ఫ్రాన్స్‌లోని లియాన్‌లో కొండా, పాత ఊరూ ఎలా చూపించాలని అడిగాను కదా. చూసొచ్చాం, అందరికీ థాంక్స్.

పనికొచ్చింది ఫ్యునిక్యులర్ (కొండవాలు మీద తాడుతో లాగే రైలు) సలహా. పాత ఊళ్లోని వ్యూ లియాన్ మెట్రో స్టేషన్‌లోనే ఎక్కాలి, మెట్రో టికెట్టే చెల్లుతుంది. పైన బసిలికా (పెద్ద చర్చి) పక్కనుంచి సోన్, రోన్ నదులూ వాటి మధ్య ఊరూ కనిపిస్తాయి. రెండువేల ఏళ్ల రోమన్ థియేటర్‌కి మాత్రం అదే స్టేషన్ నుంచి సాం జ్యుస్త్ వెళ్లే ఇంకో ఫ్యునిక్యులర్ లైనెక్కి మినిమ్ స్టాప్‌లో దిగాలి. రాతిమెట్లు చూసి అమ్మ పైనే కూర్చుంది.

పాత ఊళ్లో ఇళ్ల లోపలినుంచి ఇంకో వీధిలోకి తేలే ట్రబూల్ దారుల్లో పొడవైనది సాం జాం వీధి 54వ నంబర్ దగ్గర మొదలవుతుంది. జనం కాపురముంటారు, గట్టిగా మాట్లాడకండి. కింద వీధుల్లో గుండ్రాళ్లు పరిచి ఉంటాయి, మెత్తటి బూట్లు తప్పనిసరి.

కారు అద్దెకి తీసుకోవాలా అని అప్పుడు జరిగిన చర్చంతా అనవసరమే అయింది.